గిజిగాడి సొంత గూడు

మతిమరుపు మనిషిని, ముందు జరిగింది వెనక చెబితే మీరే సర్దుకోండి.

సింగన్న అనే గిజిగాడు గవరయ్య కాకి దగ్గర కూలికి గూళ్లు అల్లేవాడు. "పొద్దు పోతోందిరా, కానీయ్!" అంటూ కాకి నెత్తి మీదే కూర్చునేది. ఆ ఒత్తిడికి సింగన్నకు ఆయాసం పట్టుకుంది. రొమ్ములో పిల్లికూతలు వినిపిస్తే, పక్క పిట్టలు పిల్లే వచ్చిందని ఎగిరిపోయేవి.

చివరికి "నీ కొలువుకో దండం బాబూ" అనేసి, ఈతచెట్టు మీద సొంతంగా గూడు మొదలుపెట్టాడు.

గిజిగాళ్లలో గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి, ఊగి చూసి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. నూకాలు అనే పిట్ట వచ్చి ఊగి చూసింది. అల్లిక గట్టిగానే ఉంది.

"గూడు బాగుంది. ఆ గవరయ్య ఇక్కడా ఉన్నాడా?" అంది.

"వాడెందుకుంటాడు? ఇక్కడ నేనే యజమానిని!"

"మరి ఇందాకటి నుంచి 'పొద్దు పోతోందిరా, కానీయ్' అని నిన్ను అదిలిస్తున్నదెవరయ్యా?"

సింగన్నకు దగ్గొచ్చింది. ముక్కున ఉన్న పీచు జారవిడిచి, పట్టపగలే రెక్కలు ముడుచుకుని కూర్చున్నాడు.

"మిగతా సగం?" అంది నూకాలు.

"ఊపిరి కుదుటపడ్డాక."

"అయితే ఉంటాను" అని అతని పక్కనే వాలింది.

మనవరాలా, మాలతీ, కాకి పేరు గవరయ్యేనా? ఒకసారి చూసిపెట్టవే.