సరిచూసుకోవడానికి ఒక చెయ్యి

పొద్దుటి నుంచీ ముసురు. నరాల పరీక్ష గదిలో మధ్యాహ్నానికి ఆయన తొమ్మిదో మనిషి. కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందని ఏడాది కిందట పాలు పితకడం మానేశాడు. పన్నెండు పశువులనూ భార్యే పితుకుతోంది.

పరీక్ష చేసే అమ్మాయి ఆయన మణికట్టుకు సన్నగా కరెంటు తాకించింది. తెరమీద గీత కాస్త ఆలస్యంగా లేచింది. మిషన్ పాతది. అనుమానం వస్తే, తోడు వచ్చినవాళ్ళ మంచి చెయ్యి పెట్టి సరిచూసుకోవడం ఆమెకు అలవాటు.

గోడకు ఆనుకుని కునుకు తీస్తున్న భార్యను లేపింది. "అమ్మా, ఒకసారి మీ చెయ్యి ఇస్తారా?"

"దానిది ఇనప చెయ్యి. నీ మిషనే కాలిపోతుంది," అన్నాడాయన.

భార్య చెయ్యి చాచింది. గీత లేవలేదు. కరెంటు పెంచినా లేవలేదు.

"చెప్పానా, మిషన్ పాడైంది," అన్నాడాయన.

అమ్మాయి తన చేతికే పెట్టుకుని చూసింది. గీత నిటారుగా లేచింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ చెయ్యి మొద్దుబారి?"

"రెండేళ్ళు. వేళ్ళకు తెలియదు. కళ్ళతో చూసుకుంటూ పితుకుతాను."

"నాతో ఒక్క మాటన్నా అనలేదే," అన్నాడాయన.

"అందామనుకునేలోపు నువ్వు మానేశావు. ఇద్దరం మానేస్తే పితికేదెవరు?"

మిగతా పరీక్షల కోసం ఆమెను ఆసుపత్రిలో ఉండమన్నారు. పాల వేళకు ఇల్లు చేరాలని, మూడున్నర బస్సుకు ఆయన ఒక్కడే వెళ్ళాడు.