గాలం బెజ్జం

"అది కాదు పెద్దాయనా, ఇది కట్టు," అంటూ, చేపల వేటకొచ్చేవాళ్ల బస నడిపే బ్రూనో గోరంత ఈక గాలాన్ని ముసలి గైడు ఎవారిస్తో అరచేతిలో పెట్టాడు.

భుజాన పడవ తాడుతో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ ఎవారిస్తో నవ్వాడు. "ఆకులు రాలే రోజుల్లో ఇంత చిన్నదానికి ట్రౌట్ చేప మొహం కూడా తిప్పదయ్యా. ఇప్పుడు వేలెడంత గాలం వెయ్యాలి."

"అది చేపలు చూసుకుంటాయిలే. నువ్వు కట్టు. కట్టగలిగితే వచ్చే ఏడూ ఈ పడవ నడిపేది నువ్వే."

పెద్ద గాలాలైతే, కళ్లు ఆనకపోయినా, ఎవారిస్తో బెజ్జాన్ని గోటితో తడిమి దారం ఎక్కించేవాడు. ఈ బెజ్జం గోటికి అందలేదు. దారం నాలుగుసార్లు పక్కకు పోయింది.

ఒడ్డున మాతే టీ తాగుతున్న బ్యూనస్ ఏరీస్ అతిథి నవ్వాడు. "తాత ముడేసేలోపు మంచు పడుతుంది!"

వేసవిలో వాడే చిన్న గాలాలన్నీ రోజూ పొద్దున్నే కూతురు ఐలిన్ కట్టి ఇచ్చేది. మూడేళ్లుగా ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఎవారిస్తో చేతులు ఆగిపోయాయి. ఒడ్డున నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

ఐలిన్ నీళ్లలోకి దిగి వచ్చింది. గాలం అందుకుని, దారం ఎక్కించి, ముడిని నాలుకతో తడిపి బిగించింది, తండ్రి నేర్పినట్టే.

"నువ్వేనా అమ్మా బ్రూనోకి చెప్పింది?"

"నీళ్లు చల్లగా ఉన్నాయి నాన్నా," అంది ఐలిన్, అతని భుజం మీది పడవ తాడు తీసి తన భుజాన వేసుకుంటూ. "వెళ్లి బండిలో కూర్చో."