నాలుగు చుక్కల అతుకు

సంచిలో హెల్మెట్ పెట్టింది. తీసింది. అడుగున తువ్వాలు పరిచి మళ్లీ పెట్టింది.

చేతి తొడుగులు, మందపాటి సాక్సులు, రెండు జతల బట్టలు.

"ఒక్క రోజుకి రెండు జతలెందుకమ్మా?" అన్నాడు కొడుకు.

"ఒకటి తిరిగొచ్చేటప్పటికి."

ఎవరు ఊరెళ్లినా ఆమె అలాగే సర్దుతుంది. వచ్చేటప్పటి జత సంచిలో ఉంటే మనిషి వస్తాడని నమ్మకం. ఆ సంగతి ఎవరికీ చెప్పదు.

షెడ్డులో కారు ప్రయాణానికి సిద్ధంగా ఉంది. నెల్లాళ్లుగా కొడుకూ, అందరూ పానా అని పిలిచే మెకానిక్కూ దాని పవర్ స్టీరింగు మీదే పడ్డారు. పంపు తీసేశారు. బెల్టు తీసేశారు. నూనె గొట్టాలు పీకేశారు. రేపు పందెం ట్రాక్ మీద ఆ బండిని ఒట్టి చేతి బలంతో తిప్పాలి.

"వెన్నలా తిరిగేదాన్ని రాయి చేసి పెట్టారు కదరా!"

"వెన్నలా తిరిగితే రోడ్డేం చెబుతోందో చేతికి తెలీదమ్మా."

"రోడ్డు చెబితే వింటావా? నేను చెప్పేది మాత్రం వినవు."

పానా పడీపడీ నవ్వాడు.

అప్పుడే గేటు దగ్గర ఎవరో దగ్గారు.

ముసలాయన. ఎండకి మాడిన మొహం, నెత్తిన వెలిసిపోయిన టోపీ. రమ్మనకుండానే లోపలికొచ్చి, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగుని అటు వేలెడు, ఇటు వేలెడు కదిపాడు.

టిక్.

"విన్నారా?" అన్నాడు. "మొన్న ట్రాక్ మీద తిప్పి చూసుకున్నారే, అప్పుడే అనుమానమొచ్చింది. వెతుక్కుంటూ వచ్చాను. లోపల పై కడ్డీనీ కింది పళ్ల గేరునీ కలిపి వెల్డింగ్ చేశారు కదా? చుట్టూతా పోశారా, చుక్కలు పెట్టారా?"

పానా నవ్వు ఆగింది. "నాలుగు చుక్కలు. చుట్టూతా పోస్తే వేడికి పక్కనున్న నూనె సీలు కాలిపోతుంది."

"నూనే లేనప్పుడు సీలు దేనికి బాబూ? ఒక చుక్క అప్పుడే ఊడింది. మిగతా మూడూ ఊడాయా, చెయ్యి ముందు తిరుగుతుంది, చక్రం తర్వాత తిరుగుతుంది. మలుపులో ఆ కాస్త ఆలస్యం చాలు."

"ఇంతకీ మీరెవరండీ? మెకానిక్కా?" అన్నాడు కొడుకు.

"కాదు."

"రేసులు నడిపేవారా?"

"నాకు కారు నడపడమే రాదు."

"మరేం చేస్తారు?"

"చూస్తుంటాను."

"చూసేవాళ్లకి ఎప్పుడూ తెలివెక్కువే," అన్నాడు పానా. "ఇప్పుడు విప్పితే మళ్లీ బిగించేసరికి ఎల్లుండవుతుంది. పందెం రేపు పొద్దున. ఆ టిక్కు నీ చెవిలోదేమో, ఎవరికైనా చూపించుకో తాతా."

కొడుకూ నవ్వాడు. నవ్వుతూనే గడియారం చూసుకున్నాడు.

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీరు చెబితే ఆగుతాడు."

నెల్లాళ్లుగా ఆమె నోట్లోనే నొక్కిపెట్టుకున్న భయాన్ని ముక్కూమొహం తెలియని మనిషి పైకి అనేశాడు. వద్దంటే కొడుకు అలుగుతాడు. పోయినసారి వద్దన్నందుకు నలభై రోజులు పలకలేదు.

"మీకు దండం పెడతాను," అంది. "బయల్దేరే పిల్లాడి ముందు ఇలాంటి మాటలనకండి. వెళ్లిపోండి."

"ఒక్క పూట పనమ్మా..."

"వెళ్లండి!"

గేటు వేసి గడియ పెట్టింది. ఆయన అవతలే కాసేపు నిలబడ్డాడు.

"పదిహేడో నంబరు కారే కదా," అన్నాడు మెల్లగా. "సరే. గుర్తుంచుకుంటాను."

ఆ మాట ఆమెకి శాపంలా వినిపించింది. రాత్రంతా అదే చెవిలో తిరిగింది.

ఆదివారం తెల్లారినప్పటి నుంచి ఫోను ముందు కూర్చుంది. పదింటికి మోగింది. ఎత్తేలోపు ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎవరూ పలకలేదు. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన వస్తే లేచి కట్టేసి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది.

మూడింటికి గేటు చప్పుడైంది.

కొడుకే. తన కాళ్ల మీదే నడిచి లోపలికొచ్చాడు. ఆమె వాడి తల తడిమింది, భుజాలు తడిమింది, వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకు చూసింది.

"దెబ్బలేవిరా?"

"తగల్లేదమ్మా."

"కారు?"

"అక్కడే ఉంది."

మెట్టు మీద కూలబడ్డాడు.

"ఐదో చుట్టులో స్టీరింగు ఒక్కసారి వదులైనట్టనిపించింది. నా భ్రమేలే అనుకుని ఇంకా తొక్కాను. మూడో మలుపు ముందు ఒకాయన ఎర్ర జెండాతో గోడ దాటి ట్రాక్ మీదికే వచ్చేశాడు. ఆయన్ని చూసే బ్రేకు తొక్కానమ్మా. లేకపోతే ఆ వేగంలో నేరుగా గోడకే. వేగం తగ్గింది. ఆయన్ని తప్పించాలని తిప్పాను..."

"తిప్పితే?"

"చెయ్యే తిరిగింది. చక్రం తిరగలేదు."

ఆమె గేటు వైపు చూసింది.

"నెత్తిన టోపీ ఉందారా ఆయనకి?"

కొడుకు తలూపాడు. రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నాడు.

శనివారం ఆమె గేటు వేసి పంపేసిన ముసలాయన ఇరవై ఆరేళ్లుగా ఆ ట్రాక్‌లో మూడో మలుపు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి కారు చక్రాలనూ చూస్తూ జెండా ఊపే మనిషి. ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభైకి గోడ దాటాడు, మళ్లీ ఇవతలికి రాలేదు.