పట్టే ఇంజను, పట్టని ఇంజను

“చిన్నదే తీసుకోండి. కాజాలో గుండీ దూరినట్టు మీ ఫ్రేములో కూర్చుంటుంది,” అంది పాత బళ్ళ షెడ్డు యజమానురాలు, నూనె మరకల చేతి తొడుగులు విప్పుతూ.

వెల్డరు గుండెలో రాయి పడింది. ఆ మాట ఒక్కటి ఆవిడ నోట రాకూడదని దారి పొడుగునా కోరుకుంటూ వచ్చాడు.

ఎదురుగా చెక్క దిమ్మల మీద రెండు ఇంజన్లు ఉన్నాయి. రెండూ వీ-ట్విన్‌లే. తెరిచిన కత్తెరలా రెండు సిలిండర్లు చెరో వైపు వాలి, అడుగున ఒక్క చోట కలుస్తాయి. పాతకాలపు మోటారు సైకిలు అందమంతా ఆ వాలులోనే ఉంటుంది. ఒక ఇంజను సన్నగా, పొందిగ్గా ఉంది. రెండోది మదించిన దున్నలా ఉంది.

“ఆ చిన్నది తుమ్మినట్టు మోగుతుంది బావా. మన బండికి అది పెడితే ఏనుగుకి పిల్లి గొంతు పెట్టినట్టే,” అన్నాడు వెల్డరు.

“నువ్వు దాని చప్పుడు విననే లేదు కదరా!” అన్నాడు బావ.

“చూస్తే తెలియదూ?”

“ఎందుకు తెలియదు? మీ అక్క నన్ను చూడగానే గురక పెడతానని కనిపెట్టేసింది.”

వెల్డరు పకపకా నవ్వాడు. బావ పెదవి చివర కూడా కాస్త కదిలింది. ఈ పాట్లన్నీ ఆ కదలిక కోసమేగా అనుకున్నాడు వెల్డరు.

అక్క పోయాక బావకి మాట పడిపోయినట్టే అయింది. టైలరు షాపు షట్టరు సగం ఎత్తి, మిషను ముందు ఊరికే కూర్చునేవాడు. తిన్నావా అంటే తిన్నాననేవాడు, పడుకున్నావా అంటే పడుకున్నాననేవాడు. అలాంటి మనిషి ఒక రోజు ఎక్కడిదో పాత మోటారు సైకిలు బొమ్మ చూపించి, “ఇలాంటిది మనమే తయారు చేద్దామా? ఇనుము పని నీది, సీటు పని నాది,” అన్నాడు.

వెల్డరుకి అప్పుడు బండి మాట దేవుడెరుగు, తిండి మీద కూడా ధ్యాస లేదు. తల్లి లేని తనని చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. అయినా, బావ ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒకటి అడిగాడు, కాదంటే మళ్ళీ మూసేసుకుంటాడని ఒప్పుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే బావ వచ్చి తలుపు బాదేవాడు. లేవబుద్ధి కాకపోయినా, పాపం ఒక్కడూ ఏం చేస్తాడులే అని లేచేవాడు.

గొట్టాలు వంచారు, అతికారు, వంకర వస్తే విరగ్గొట్టి మళ్ళీ అతికారు. బావ సీటుకి తోలు కుట్టాడు. ట్యాంకు ఎరుపా నలుపా అని గొంతులు పోయేలా పోట్లాడుకుని, ఆ పూటే ఒకే గిన్నెలోంచి తిన్నారు. ఇక మిగిలింది ఇంజనే.

చిన్నది పెడితే రెండు వారాల్లో బండి రోడ్డెక్కుతుంది. ఆ తర్వాత? బావ మళ్ళీ ఆ సగం షట్టరు కిందికి దూరిపోతాడు. అదే పెద్దది అయితే ముందు సిలిండరు వెళ్ళి ఫ్రేము గొట్టానికి గుద్దుకుంటుంది. ఫ్రేము కోసి, పొడుగు పెంచి, మళ్ళీ మొదటి నుంచి అతకాలి. ఏడాదికి తక్కువ కాని పని.

“పెద్దది బరువండీ. ఎండలో వెళ్తే వెనక సిలిండరు వేడి తొడ కాల్చేస్తుంది,” అంది యజమానురాలు.

“చలికాలంలో హాయిగా ఉంటుంది,” అన్నాడు వెల్డరు.

“పెట్రోలు తాగుతుంది.”

“తాగనివ్వండి. మా ఇద్దరికీ వేరే తాగుడు లేదు.”

“మీ వాదన దేనికి, కొలిస్తే పోలా,” అంటూ బావ మెడలోంచి టేపు తీశాడు.

వెల్డరు చటుక్కున టేపు కోసం చెయ్యి చాపాడు. “నేను కొలుస్తాలే బావా, నీ చేతులకి నూనె అంటుతుంది!”

“ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచాను. దీని నడుమో లెక్కా?”

బావ పెద్ద ఇంజను మీదికి వంగి, ఈ సిలిండరు నుంచి ఆ సిలిండరుకి టేపు లాగాడు. అంకె మీద బొటనవేలు పెట్టి, తల వంచి, మరోసారి చూశాడు. అయిపోయింది, ఇప్పుడు తలెత్తి ‘ఇది పట్టదురా’ అంటాడు అనుకుని వెల్డరు కళ్ళు మూసుకున్నాడు.

“పడుతుంది,” అన్నాడు బావ. “వేలెడు చోటు మిగులుతుంది కూడా.”

“నిజంగానా?”

“ఏరా, నా కొలత మీదే అనుమానమా?”

వెల్డరుకి నెత్తిన పాలు పోసినట్టయింది. బావకి చూపు ఆనడం లేదు కాబోలు. రేపే కళ్ళ డాక్టరుకి చూపించాలి, ఈ ఒక్క పూటకి మాత్రం ఆ కళ్ళు చల్లగా ఉండాలి! యజమానురాలు ఏదో చెప్పబోయింది. బావ వెనక నిలబడి వెల్డరు రెండు చేతులూ జోడించాడు. ఆవిడ నోరు మూసుకుంది.

“వ్యాను వెనక్కి తీసుకొస్తా,” అంటూ వెల్డరు పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళాడు. ఎన్నాళ్ళుగానో రాని ఈల నోటికి దానంతటదే వచ్చింది.

అతను గుమ్మం దాటాడో లేదో, యజమానురాలు ఇక ఉండబట్టలేకపోయింది.

“ఏమీ అనుకోకండి, ఉన్న మాట చెబుతున్నాను. మీరు ఫోనులో పంపిన కొలతలకి ఆ పెద్దది ఏ రకంగానూ పట్టదు. ఇంటికెళ్ళాక నన్ను తిట్టుకుంటారు.”

“తెలుసమ్మా,” అన్నాడు బావ నెమ్మదిగా. “నాలుగు వేళ్ళు ఎక్కువ.”

ఆవిడ తెల్లబోయింది. “మరి చిన్నది తీసుకోవచ్చుగా! రెండు వారాల్లో బండి తయారైపోతుంది.”

బావ బయట ఈల వినిపిస్తున్న వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“తయారైపోతే, వాణ్ణి మంచం మీంచి ఎలా లేపనమ్మా?”