పైగది మోత

పాలు పొంగి స్టవ్ మీదంతా కారేదాకా ఆమెకి తెలియలేదు.

గాభరాగా గిన్నె దించబోయి నాలుగు వేళ్ళూ కాల్చుకుంది.

పుట్టుకతోనే చూపు లేని మనిషి. పాలు పొంగే ముందు వచ్చే సన్నటి బుసని బట్టి మంట తగ్గించేది. బకెట్ నిండే చప్పుడుని బట్టి కుళాయి కట్టేది. అలా ఏళ్ళ తరబడి చెవులతోనే సంసారం నెట్టుకొస్తోంది.

రెండు నెలల కిందట పైగదిలో ఓ మనిషి దిగాడు. ఆ రోజునుంచీ ఆమెకి చెవులు కూడా లేకుండా పోయాయి.

పొద్దస్తమానం గుయ్‌మని ఒకటే మోత. ఇంట్లో చప్పుళ్ళన్నీ దాంట్లో మునిగిపోయేవి.

మెట్ల మీద ఆపి నాలుగుసార్లు అడిగింది. మర్యాదగానే అడిగింది. అతని అడుగుల చప్పుడు ఆగేది, మాట మాత్రం వచ్చేది కాదు.

ఎంత పొగరు, జవాబు చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా అనుకుంది.

ఆ పూట కాలిన వేళ్ళకి తడిగుడ్డ చుట్టుకుని, వాటా అద్దెకిచ్చిన ఇంటాయన తలుపు తట్టింది.

ఇంటాయన ఆమెని వెంటబెట్టుకుని పైకి బయల్దేరాడు. మెట్లెక్కుతున్నంతసేపూ చెబుతూనే ఉన్నాడు. గది నిండా పాత సామానట, తీగలట, ఏవో డబ్బాలు విప్పడం, బిగించడం, ఇంతకుమించి వేరే పనే లేదట.

ఆ గది మీద తన బావమరిది ఎప్పట్నుంచో కన్నేశాడన్న ముక్క మాత్రం చెప్పలేదు. అలాంటివి ఎందుకు చెబుతారు?

తలుపు తెరుచుకుంది. మోత మొహాన కొట్టింది.

ఆమె తన గోడంతా వెళ్ళబోసుకుంది. గుడ్డ విప్పి వేళ్ళు చూపించింది.

అవతల మాట లేదు. చాలాసేపు లేదు. ఆఖరికి ఇంటాయన ఆమెని ఆ మోతకి దూరంగా నాలుగు మెట్లు కిందికి దింపాడు.

"ఏమంటున్నాడు బాబాయిగారూ?"

"ఏమంటాడమ్మా, ఆపడట."

"నోరు విప్పలేదుగా?"

"నోరెందుకు, ఆ మొహమే చెబుతోంటే. నీ దిక్కున్నచోట చెప్పుకోమన్నట్టు నించున్నాడు. నీకు కనపడదు కాబట్టి సరిపోయింది, నాకు ఒళ్ళు మండిపోతోంది."

ఎదుటివాడి మొహం ఎలా ఉందో ఇంకొకరు చెబితేనే ఆమెకి తెలియాలి. రెండు కళ్ళూ ఉన్న పెద్దమనిషి చూసి చెబుతున్నాడు. నమ్మక ఏం చేస్తుంది?

"అయితే ఖాళీ చేయించండి," అంది.

ఆయనకి కావాల్సిందీ ఆ మాటే. తనే ఫిర్యాదు కాగితం రాసుకొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని మరీ వేలిముద్ర వేయించుకున్నాడు.

వారం తిరక్కుండా పైగది ఖాళీ అయింది. పాల బుస మళ్ళీ వినపడింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం ఆమెది. ఏ డాక్టరు ఏ గదిలో ఉంటే ఆ గదికి ఫోన్ కలపాలి. ఇదివరకు పొద్దున్నే ఎవరో ఒకరు జాబితా చదివిపెడితే సాయంత్రందాకా గుర్తుంచుకునేది. ఆర్నెల్ల కిందట ఆ జాబితా కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది, గంట గంటకీ మారడం మొదలుపెట్టింది. ఇక ఈమెతో పని జరగదు, ఇంటికి పంపేద్దాం అన్నాడు సూపరింటెండెంటు. పాతికేళ్ళు ఒక్క ఫోన్ తప్పు కలపని మనిషిని.

అప్పుడే ఒక నర్సు సబ్బుపెట్టెంత డబ్బా తెచ్చి ఆమె బల్ల కింద బిగించి, వైరు చెవిలో పెట్టింది. జాబితా మారినప్పుడల్లా ఆ డబ్బా చెవిలో చదివి వినిపించేది. ఎవరు చేశారే ఇది అని అడిగితే, తెలిసినాయనలే అక్కా, తీరిక దొరికితే ఇలాంటివి చెయ్యడం ఆయనకో సరదా అంది.

డబ్బా పుణ్యమా అని కుర్చీ దక్కింది.

ఆ సోమవారం డబ్బా పలకలేదు.

మధ్యాహ్నానికల్లా మూడు ఫోన్లు తప్పు గదులకి వెళ్ళాయి. సూపరింటెండెంటు వచ్చి, రేపటికి ఇది బాగుపడకపోతే ఎల్లుండి నుంచి రానక్కర్లేదని చెప్పి వెళ్ళాడు.

ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి ఒక్కసారి ఫోన్ కలపవే. నేనే బతిమాలుకుంటాను."

"ఫోనేం లాభం అక్కా. ఆయనకి పుట్టుకతోనే మాట రాదు. ఏదైనా రాసి అడగాల్సిందే."

నర్సు ఆమె మాటగా తన సెల్లులో రాసి పంపింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టలేదు. నర్సు పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఆ డబ్బాకి మాటలు పంపే కంప్యూటర్లు నా గదిలో ఉండేవి. గది పోయింది. మోత వస్తుందని ఇంకెవరూ గది ఇవ్వలేదు. నిన్ననే అన్నీ పాతసామాను వాడికి తూకానికి వేసేశాను, ఇక నా వల్ల కాదు, క్షమించండి."

నర్సు తర్వాతి ముక్క గొంతు తగ్గించి చదివింది.

"కింది వాటాలో ఉన్నది మీరేనని నాకు మొదట్నుంచీ తెలుసండీ. ఆ మోత మీ డబ్బాదే, రెండు రోజులు ఓపిక పడితే చప్పుడు లేకుండా చేస్తానని ఆ రోజు మీ ఎదుటే కాగితం మీద రాసి ఇంటాయన చేతిలో పెట్టాను. ఆయన చదివి వినిపించాక కూడా మీరు ఖాళీ చేయించమన్నారంటే, పాపం వేళ్ళు ఎంతలా కాలాయో అనుకున్నాను."