వెనకవైపు పార్టీ

టాబర్ క్రీక్‌లో ఎన్నికల రోజున ఫైరింజను బయట వానలో తడుస్తుంది. ఓటర్లు దాని షెడ్డులో పొడిగా నిలబడతారు.

ఈసారి వానకు గాలి తోడైంది. వెర్నా కారు దిగిందో లేదో, ఆమె గొడుగు తిరగబడి గిన్నెలా నీళ్ళు పట్టసాగింది. ఓటుకని తెచ్చుకుంటే ఓటిదైపోయింది.

"గొడుగు కూడా పార్టీ ఫిరాయించిందే!" అన్నారెవరో.

చూస్తే డెబ్బై దాటిన మనిషి. గోధుమరంగు పాత కోటు, నల్లటి పెద్ద గొడుగు. ఛాతీ మీద పార్టీ బిళ్ళ లేదు, చేతిలో ప్రచారపు అట్ట లేదు.

"దీని కిందికి రండమ్మా. ఇది మాట మీద నిలబడే రకం."

ఇద్దరూ నడిచారు.

"మీరే పార్టీ?" అంది వెర్నా అనుమానంగా. ఈ రోజున ఊరికే గొడుగు పట్టేవాళ్ళెవరు?

"వెనకవైపు పార్టీ."

"అదేం పార్టీ?"

"ఓటు కాగితానికి వీపుంటుందమ్మా. ముందువైపు పేర్లు మీ ఇష్టం. వెనక ఒకే ఒక్క ప్రశ్న. డయాలసిస్ వాళ్ళని పట్నం తీసుకెళ్ళే వ్యాను ఉండాలా, వద్దా అని. పన్ను పెరుగుతుందని వద్దనేవాళ్ళు మరిచిపోకుండా తిప్పి మరీ నింపుతారు. కావాలనేవాళ్ళు ముందువైపు పోట్లాటతోనే అలిసిపోయి, తిప్పకుండా ఇంటికెళ్ళిపోతారు. పోయినసారి లైబ్రరీ అలాగే మూతపడింది."

వెర్నా టక్కున ఆగింది.

"నాకా చెప్తున్నారు! ఆ వ్యాను లేకపోతే మా ఆయన డేల్ ఏమైపోవాలి? నా చూపుకి ఈ ఊళ్ళో నడపడమే గొప్ప. హైవే ఎక్కితే ఇద్దరం ఒకేసారి పోతాం."

"మా ఆవిడా అందులోనే వెళ్ళేది."

'వెళ్ళేది' అన్నమాట దగ్గర వెర్నా తలెత్తి చూసింది. కాస్త దగ్గరగా జరిగి, ఆయన భుజం కూడా తడవకుండా గొడుగు అటు వంచింది.

నాలుగడుగులు వేశారో లేదో మళ్ళీ అందుకుంది.

"ఏమన్నా అనండి, కౌంటీ కమిషనరుగా మా హోయ్ట్ గెలవాలండీ. మధ్యలో ఆ ప్రౌటీ ఒకడు దాపురించాడు, మూడో పార్టీ అట! రెండు గుర్రాల బండికి మూడో గుర్రం. లాగేది లేదు, కాళ్ళకి అడ్డం. బూత్ ముందు బూతులెందుకని ఊరుకుంటున్నా గానీ..."

"మూడో గుర్రానికీ ఆకలుంటుంది కదమ్మా, పాపం."

"ఉంటే వాళ్ళ కొట్టంలో మెయ్యమనండి. మా హోయ్ట్ ఓట్లు మేస్తాడేం?"

పెద్దాయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

"ఇక్కణ్ణించి నేను రాకూడదు. ప్రచారం చేసేవాళ్ళకి గీత ఇంతవరకే."

వెర్నా కిందికి చూసింది. తారు మీద వేసిన సుద్దగీత ఎప్పుడో కొట్టుకుపోయింది.

"గీత ఏదండీ? వాన తుడిచేసిందిగా!"

"నాకు కనిపిస్తోందమ్మా. మీరు గొడుగు తీసుకెళ్ళండి."

లోపల 'పై' అనే తీపి రొట్టె ముక్కలమ్మే బల్ల, దాని చుట్టూ ఊరి కబుర్లు. వెర్నా కాగితం తీసుకుంది. హోయ్ట్ పేరు పక్కన సున్నాని నల్లగా నింపింది. అడుగున ప్రౌటీ పేరు చూసి "హుఁ" అంది. ఎవరో గుమ్మడికాయ 'పై' బాగుందంటే, యాపిల్‌దే బాగుంటుందని వాదించింది. వాదిస్తూనే కాగితాన్ని ఓట్లు లెక్కపెట్టే యంత్రం నోటికి అందించబోయింది.

చంకలోని గొడుగు నుంచి ఒక చుక్క జారి మణికట్టు మీద పడింది, చల్లగా.

వెర్నా చెయ్యి వెనక్కి లాక్కుంది. వెనక్కి వెళ్ళి, కాగితం తిప్పి, 'ఉండాలి' పక్కన సున్నాని నింపింది. రెండుసార్లు చూసుకుంది.

బయటికొచ్చేసరికి పెద్దాయన దూరంగా కార్ల దగ్గర ఉన్నాడు. కోటు విప్పి ఎవరో ముసలిజంట తలలపై పందిరిలా పట్టాడు. తను నిలువునా తడిసిపోయాడు.

"ఏమండీ! మీ గొడుగు!" అరిచింది వెర్నా.

"తిప్పారా?" అటునుంచి కేక.

"తిప్పానండీ!"

ఆయన మొహం వెలిగింది. "గొడుగు వ్యాను నడిపే రూడీకివ్వండి, నాకు చేరుతుంది! ఇప్పుడు మీరు తడవకండి!"

మర్నాడు ఫలితాలొచ్చాయి. హోయ్ట్ గెలిచాడు. ప్రౌటీ అందరికన్నా అడుగున మిగిలాడు. వ్యాను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఓట్ల తేడాతో బతికింది.

"చూశావా, ఆ కాసిని ఓట్లలో నాదొకటి," అంది వెర్నా.

"నీచేత కాగితం తిప్పించిన మనిషిదీ ఒకటనుకో," అన్నాడు డేల్.

సోమవారం పొద్దున్నే వ్యాను వాకిట్లోకొచ్చింది. డేల్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వెర్నా ఎండబెట్టి మడిచిన గొడుగునీ, గుడ్డ కప్పిన యాపిల్ 'పై'నీ రూడీ చేతిలో పెట్టింది.

"ఆ పెద్దాయనకివ్వు నాయనా. పేరడగడం కూడా మరిచాను. ఈసారి ఆయన ఏం చెయ్యమన్నా చేస్తానని చెప్పు."

రూడీ గొడుగును చూసి నవ్వాడు.

"మీ గురించి చెప్పారులే అక్కా. ఆ గుర్రం మాట తలుచుకుని ఒకటే నవ్వు."

"ఏ గుర్రం?"

"'మూడో గుర్రానికి గడ్డి దొరక్కపోతేనేం, బండి కదిలిందిరా రూడీ' అన్నారు మన ప్రౌటీ గారు."