దూలాల అతుకు

వెల్డింగు వెలుగుకు వాచిపోయిన పాల్‌రాజ్ కళ్ళలో విజి తన చనుబాలు చుక్కలుగా పిండింది.

"కదలబాక మామా! బిడ్డకంటే నీకే ఎక్కువ పోస్తాండా."

"రేపట్నించి అక్కర్లే. వంతెన దూలాలకి వెల్డింగు అయిపోయె. మిగిలిన అతుకులన్నీ బోల్టులే. మమ్మల్నే బిగించమన్నారు."

విజికి ప్రాణం లేచివచ్చింది. "అబ్బ, ఈ కళ్ళమంట తప్పె! బోల్టులు కూడా ఆ వెల్డింగు షెడ్డులోనే కదా?"

"షెడ్డులో కాదు. దూలాలు స్తంభాల మీదికి ఎక్కించినాక, ఆడ బిగించాల. మాధవరం రోడ్డుకి పైన."

విజి పక్కనున్న బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

"కళ్ళు మండితే మండనీ మామా. నేనుండా కదా, పాలు పోస్తా. కిందనే వెల్డింగు పని ఏదైనా ఇమ్మని మేస్త్రీని అడుగు."

"పొద్దున్నే అడిగినా విజీ," అన్నాడు పాల్‌రాజ్, కళ్ళు తెరవకుండానే. "బతిమాలినా."